విశాఖలో పీచ్, ఆల్బకరా పెరట్లో కాస్తాయా? టెంక పండ్ల చెట్ల గురించి చర్చ

కొమ్మాది పెరడు
అందరికీ నమస్కారం. మావారు నేవీలో రిటైరయ్యాక కొమ్మాదిలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక, దక్షిణం పక్క కలిపి నాలుగు చెట్లకు చోటుంది. ఎర్రమట్టి నేల, బోరు ఉంది. మేం డెహ్రాడూన్‌లో ఉన్నప్పుడు క్వార్టర్స్ వెనకాల పీచ్ చెట్టు ఉండేది. ఆకు ఇంకా రాకముందే కొమ్మ కొమ్మకీ గులాబీ రంగు పూలు. ఇక్కడా పీచ్, ఆల్బకరా వేసుకోవాలని గట్టిగా ఉంది. ఆన్‌లైన్‌లో పీచ్ అంటు మొక్కలు అమ్ముతున్నారు, ఏ వాతావరణంలోనైనా కాస్తుందని రాస్తున్నారు. విశాఖలో ఎవరైనా కాయించారా? కాయదంటే ఎందుకు కాయదో కూడా చెప్పండి. కారణం తెలియకుండా వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

గాజువాక మేడతోట
మేడమ్, మా మేడ మీద డ్రమ్ములో పీచ్ మొక్క ఉంది. పూర్ణా మార్కెట్‌లో కొన్న పండు టెంక పగలగొట్టి, లోపలి గింజను తడి ఇసుకలో పెట్టి రెండు నెలలకు పైగా ఫ్రిజ్‌లో ఉంచాను. మొలిచింది. ఇప్పుడు నా భుజం దాటి పెరిగింది. పూత మాత్రం ఇంకా రాలేదు. కాబట్టి మన ఊళ్ళో పెరగదన్న మాట మాత్రం నిజం కాదు.

పెందుర్తి మాస్టారు
అమ్మా, పెరగడం వేరు, కాయడం వేరు. విశాఖలో పీచ్ పెరుగుతుంది. కాయదు. కారణం అడిగారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పీచ్, ఆల్బకరా, ఆప్రికాట్, చెర్రీ, మనం కొట్లో కొనే బాదం, ఇవన్నీ ప్రూనస్ అనే ఒకే ప్రజాతివి. చలికాలంలో ఆకంతా రాల్చేసి నిద్రపోయే చెట్లు. ఆ నిద్ర నుంచి లేవాలంటే మొగ్గకు తగినంత చలి తగలాలి. మామూలుగా 7.2 డిగ్రీల కన్నా తక్కువ ఉన్న గంటలను లెక్కేసి చలి గంటలు అంటారు. కొండ ప్రాంతాల రకాలు చాలావాటికి 800, 1000 గంటలు కావాలి. బాగా తక్కువ చలితో సరిపెట్టుకునేలా తయారుచేసిన రకాలున్నాయి. ఉదాహరణకు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1982లో విడుదల చేసిన ఫ్లోర్డాప్రిన్స్‌కు 150 చాలు. మరి మన దగ్గర? జనవరి తెల్లవారుజామున కూడా 16 నుంచి 19 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. చలి గంటలు సున్నా. 1000 అడిగే చెట్టుకూ 150 అడిగే చెట్టుకూ మనం ఇవ్వగలిగింది ఆ సున్నాయే.

చాలామంది మన ఎండల వల్ల కాయదనుకుంటారు. అది కాదు. పంజాబ్ మైదానాల్లో మే, జూన్‌లలో 44, 45 డిగ్రీలు మామూలే. అక్కడ షాన్-ఎ-పంజాబ్ పీచ్ శుభ్రంగా కాస్తుంది. వాళ్ళకు డిసెంబరు, జనవరిల్లో పొగమంచుతో కూడిన గట్టి చలి ఉంది. మనకు లేనిది అదొక్కటే.

గాజువాక బాబూ, నువ్వు ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు గింజకు కావలసిన చలి దొరికింది, మొలిచింది. చెట్టుకు కావలసిన చలి దానికి ప్రతి ఏడాదీ విడిగా కావాలి. డ్రమ్ముతో సహా ఫ్రిజ్‌లో పెట్టలేం కదా. ఓసారి కొమ్మలు చూసి చెప్పు, కొసల్లో ఆకులు గుబురుగా ఉండి, కింద కొమ్మంతా బోసిగా ఉందా?

గాజువాక మేడతోట
అవును మాస్టారూ! అచ్చంగా అలాగే ఉంది. ప్రతి కొమ్మ చివర ఒక కుచ్చు, దాని కింద జానెడు, రెండు జానల మేర ఒక్క ఆకు లేదు. కణుపుల దగ్గర మొగ్గలు మాత్రం కనిపిస్తున్నాయి, గోరంత, గోధుమ రంగులో, మూసుకుపోయి ఉన్నాయి. నీళ్ళు తక్కువై అలా అయిందనుకుని ఎక్కువ పోస్తున్నాను.

పెందుర్తి మాస్టారు
ఆ మూసుకుపోయిన మొగ్గలే చలి అందనివి. నీళ్ళతో తెరుచుకోవు. పైగా పీచ్ వేళ్ళకు నీరు నిలిస్తే అసలు పడదు. తడి ఆరనివ్వు.

సబ్బవరం అంటు
నర్సరీ పనిలో ఉన్నవాణ్ణి, ఆ ఆన్‌లైన్ మొక్కల గురించి ఒక మాట. మొక్క వచ్చాక ముందు అంటు కట్టిన చోటు చూడండి. మొదలుకు జానెడు ఎత్తులో ఒక కణితి, కాండం కాస్త వంపు, పైనా కిందా బెరడు రంగులో తేడా ఉండాలి. అది లేకుండా కాండం నిటారుగా ఒకే తీరున పోతే అది గింజ మొక్క. దానికి ఏ రకం పేరు తగిలించినా నమ్మకండి. ఇంకోటి, అమ్మేవాణ్ణి రకం పేరు అడగండి. "పీచ్" అని మాత్రమే చెబితే కొనకండి. ఏ వాతావరణంలోనైనా కాసే పీచ్ అనేది లేదు.

సీతమ్మధార మేడ
ఆకు దూసేస్తే కాస్తుందని ఎక్కడో చదివాను. ఇండోనేషియాలో యాపిల్‌కి అలా చేస్తారట. ఇంకా మొగ్గను లేపే మందు కూడా ఉందట కదా, హైడ్రోజన్ సైనమైడ్. వాటితో ప్రయత్నించవచ్చా?

పెందుర్తి మాస్టారు
ఇండోనేషియా సంగతి నిజమే. తూర్పు జావాలో బాటు అనే చోట యాపిల్ కోత అవగానే ఆకులు చేత్తో దూసేస్తారు. చెట్టు గాఢ నిద్రలోకి జారుకోక ముందే మళ్ళీ చిగురు తొడుగుతుంది. కానీ ఆ ఊరు కొండ మీద ఉంది, ఏడాది పొడుగునా చల్లన. సముద్ర మట్టానికి దగ్గర్లో ఉన్న మన వేడికి, మన తేమకి అది కలిసి రాదు. ఓ నాలుగు పూలు కనిపించవచ్చు, కాయ నిలవదు.

ఆ మందు జోలికి మాత్రం ఇంట్లో ఎవరూ వెళ్ళొద్దు. చర్మానికి, కళ్ళకు, ఊపిరికి హాని. మందు కొట్టిన ఒకటి రెండు రోజుల్లో ఆ మనిషి మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు తిరిగే పెరటికి అది తగదు. పైగా అది చలి కొంత అందిన చెట్టుకు మిగతా కొరత పూడ్చేది, బొత్తిగా చలి తగలని చెట్టుకు చలిని తెచ్చిపెట్టేది కాదు.

అరకు కాఫీతోట
కొండ మీద నుంచి నా మాట. మాది అరకు దగ్గర కాఫీ తోట. ఇంటి ముందు ఫ్లోర్డాప్రిన్స్ పీచ్ ఉంది, పక్కన ఆల్బకరాలో సట్లజ్ పర్పుల్ ఉంది. పీచ్ కాసింది. దండిగా అని చెప్పను, ఇంటిల్లిపాదీ రుచి చూసేంత. పండు చిన్నది, రంగు బాగుంటుంది, టెంక దగ్గర కొంచెం పులుపు. పూత ఒక్కసారిగా రాదు. డిసెంబరు ఆఖరులో ఒక కొమ్మ, ఫిబ్రవరిలో ఇంకో కొమ్మ, మార్చిలో మరొకటి.

ఆల్బకరా పూసి రాలిపోతోంది. సట్లజ్ పర్పుల్ తన పుప్పొడితో తాను కాయలేదు, పక్కన కాలా అమృతసరి ఉండాలని తర్వాత తెలిసింది. ఇప్పుడు అది తెప్పిస్తున్నాను.

మాకు చలి ఉన్నట్టే ఉంటుంది గానీ లెక్కకు సరిగ్గా అందదు. జనవరిలో తెల్లవారుజామున మూడు నుంచి ఏడు దాకా బాగా దిగుతుంది. మధ్యాహ్నానికి 25 డిగ్రీలు.

పెందుర్తి మాస్టారు
మీ మొక్కకు పూత విడతలు విడతలుగా రావడానికి కారణం ఆ మధ్యాహ్నమే. రాత్రికి నాలుగు గంటల చొప్పున నలభై రాత్రులు చలి పడితే 160 గంటలు అవ్వాలి, కాగితం మీద సరిపోయింది. కానీ పగలు 16 డిగ్రీలు దాటి వేడెక్కితే రాత్రి కూడిన చలిలో కొంత తీసివేత అవుతుందని, చలిని లెక్కేసే యూటా పద్ధతి చెబుతుంది. కొండ నీడ పడే ఉత్తరపు వాలులో, మధ్యాహ్నం ఎండ తగలని చోట పెడితే తేడా ఉంటుంది. లంబసింగి, చింతపల్లి వైపు చలి ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ ఆశ ఉంది.

కొమ్మాది పెరడు
మాస్టారూ, మీరు చెప్పాక విషయం బోధపడింది. మనసుకు కష్టంగా ఉంది, అయినా ఆ మూసుకుపోయిన మొగ్గల సంగతి విన్నాక మొక్కను తెచ్చి అలా ఉంచాలనిపించడం లేదు. కొమ్మాదిలో పీచ్ ఆలోచన మానేస్తున్నాను. మరి ఆ నాలుగు చోట్లలో ఏం వేయను?

భీమిలి పిన్ని
అమ్మాయ్, టెంక ఉన్న పండే కావాలంటే మన దగ్గర లేవా? మామిడి టెంక పండు కాదా? రేగు కాదా? అంబాళం కాదా? అంబాళం పచ్చడి వేడన్నంలో నెయ్యి వేసుకుని తిన్నవాళ్ళు ఆల్బకరా ఊసెత్తరు.

కొమ్మాది పెరడు
పిన్నిగారూ, మామిడి ప్రతి ఇంట్లోనూ ఉంది. పక్కింటివాళ్ళ కొమ్మ మా గోడ మీదకే వంగి ఉంది. నాకు కాస్త వేరే ఏదైనా కావాలి.

పెందుర్తి మాస్టారు
పిన్నిగారు చెప్పింది శాస్త్ర ప్రకారం కూడా నిజం. పైన తొక్క, మధ్యన గుజ్జు, లోపల గట్టి టెంక, టెంకలో గింజ. ఈ అమరిక పీచ్‌కి ఎంతో మామిడికీ అంతే. తాటిపండు, కొబ్బరికాయ, బీచ్ రోడ్డు పక్కన కనిపించే నాటు బాదం, అన్నీ ఈ కోవలోవే. ఆ నాటు బాదానికీ కొట్లో బాదానికీ చుట్టరికం లేదు. కొట్లో బాదం పీచ్‌కి తోబుట్టువు.

పక్కింట్లో ఉందని మామిడిని వదులుకోవద్దమ్మా. మామిడికీ పూతకు చలి కావాలి. అయితే దానికి మన డిసెంబరు రాత్రుల చల్లదనం, ఆ నెలల్లో నేల పొడిగా ఉండటం, ఈ రెండూ చాలు. కోస్తాకు ఇంతకన్నా కుదిరిన టెంక చెట్టు లేదు.

సబ్బవరం అంటు
మాస్టారి మాటకు తోడు నా పని అనుభవం. ఇళ్ళవాళ్ళు మామిడి పూయలేదని నా దగ్గరకు వస్తారు. వెళ్ళి చూస్తే చెట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. పూలకుండీలకు పెట్టిన పైపే మామిడి పాదులోనూ పెట్టి రోజూ నీళ్ళు పారిస్తుంటారు. అక్టోబరు, నవంబరు వానలు వెళ్ళాక నీళ్ళు ఆపేయండి. ఎదిగిన చెట్టు ఏమీ కాదు, ఆకులు కాస్త వాలినట్టు కనిపించినా కంగారు పడకండి. ఆ తర్వాతి రెండు నెలలూ తడి ఉంటే చెట్టు చిగురు వేస్తుంది, పూత వేయదు. కాయ బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ తడి ఇవ్వాలి. అప్పుడు మాత్రం అశ్రద్ధ చేస్తే పిందె రాలిపోతుంది.

పూత కోసం కల్టార్ పోయమని ఎవరైనా చెబుతారు. తోటల వాళ్ళ సంగతి వేరు. అది మట్టిలో చాలాకాలం ఉండిపోయే మందు, పెరట్లో పక్కనే కరివేపాకు, ఆకుకూరలు ఉంటాయి. వద్దు.

రకం విషయానికొస్తే, నేలలో చోటు బాగా ఉంటే సువర్ణరేఖ. మన విశాఖ జిల్లా సొంత రకం, సుందరి అని కూడా అంటాం. భుజం దగ్గర ఎర్ర జీర, త్వరగా చేతికొస్తుంది. చోటు తక్కువైతే ఆమ్రపాలి. దశేరి, నీలం కలిపి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐ.ఎ.ఆర్.ఐ.) వాళ్ళు తయారుచేసిన పొట్టి రకం. ఏటేటా కాస్తుంది, పండు చిన్నదైనా గుజ్జు ముదురు నారింజ రంగు, తీపి ఎక్కువ.

లాసన్స్ బే
సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్ళం మేం. మా మామిడి ఆకుల కొసలు మాడినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎరువు వేసినా మారలేదు. కొమ్మాదిలో ఈ ఇబ్బంది ఉంటుందా?

పెందుర్తి మాస్టారు
ఉప్పు వల్ల. గాలిలోది కొంత, బోరు నీళ్ళలోది ఎక్కువ. క్లోరైడు ఆకు కొసల్లో చేరి అలా మాడుస్తుంది. మీరు బోరు నీళ్ళు మానేసి మున్సిపల్ నీళ్ళో, దాచుకున్న వాన నీళ్ళో పోసి చూడండి. కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది, మాడిన ఆకు మాత్రం బాగుపడదు. పొటాష్ ఎరువు వేస్తుంటే మ్యూరియేట్ మానండి, అందులో ఉన్నదీ క్లోరైడే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. కొమ్మాది వాళ్ళు గుంత తీయకముందే బోరు నీళ్ళు పరీక్ష చేయించుకుంటే మంచిది.

సీతమ్మధార మేడ
కొమ్మాది మేడమ్, మీకు గులాబీ పూలు, ఎర్ర పళ్ళు కావాలంటే ఒక చెట్టుంది. బార్బడోస్ చెర్రీ. అసలు చెర్రీకి దీనికి సంబంధం లేదు, కరీబియన్ వైపు వేడి దేశాల మొక్క. చలి ఊసే అడగదు. పూలు లేత గులాబీ, అంచులు కుట్టు వేసినట్టు ముడతలుగా ఉంటాయి. పూసిన మూడు నాలుగు వారాల్లో పండు ఎర్రబడుతుంది, ఏడాదిలో చాలాసార్లు పూస్తుంది. పండులో మూడు గింజలు, ఒక్కో దానికి గట్టి పెంకు. పులుపు తీపి కలిసి ఉంటుంది, సి విటమిన్ చాలా ఎక్కువ. పండిన పండు ఒకటి రెండు రోజుల్లో పాడవుతుంది, అందుకే బజారులో దొరకదు. పెరట్లో ఉన్నవాళ్ళకే ఆ రుచి. కత్తిరించుకుంటూ పోతే మనిషి ఎత్తులో పొదలా ఉంచుకోవచ్చు. మా మేడ మీద కుండీలో ఉంది, పిట్టలతో పోటీ పడి కోసుకుంటాం.

కొమ్మాది పెరడు
ఇదే కావాలి నాకు! ఈ చెట్టు పేరే వినలేదు ఇంతవరకు. మొక్క ఎక్కడ దొరుకుతుంది? మా అక్క మనవరాలు సంక్రాంతికి వస్తుంది, తనకి భోగిపళ్ళు పోయడానికి మా చెట్టు రేగుపళ్ళే ఉండాలని కూడా అనిపిస్తోంది.

సబ్బవరం అంటు
బార్బడోస్ చెర్రీ కొమ్మ అంటు మన వైపు నర్సరీల్లో దొరుకుతోంది, అడిగి తెప్పించుకోండి. రేగు తప్పక వేయండి. యాపిల్ రేగు అంటు నాటిన మొదటి ఏడాదే నాలుగు కాయలు చూపిస్తుంది. దీని కిటుకంతా కత్తిరింపులో ఉంది. కాపు అయిపోయాక, మార్చి, ఏప్రిల్‌లలో మొదలుకు మూడడుగుల ఎత్తున ఉంచి పైదంతా కొట్టేయాలి. చూసినవాళ్ళు చెట్టు చంపేశారంటారు. రేగు కొత్త కొమ్మ మీదే కాస్తుంది, పాత కొమ్మ ఉంచితే ముళ్ళు, నీడ తప్ప పళ్ళుండవు. నవంబరులో ఆకు వెనక, పిందె మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. పురుగు పట్టి రాలిన పండును పాదులో వదలకండి, ఆ పురుగు మట్టిలోకి దిగి ఈగై మళ్ళీ వస్తుంది.

భీమిలి పిన్ని
భోగికి పోసినవి పోయగా మిగిలినవి రథసప్తమికి ఉంచుకో అమ్మాయ్. మరి నా అంబాళం సంగతేం చేశారు?

సబ్బవరం అంటు
పిన్నిగారూ, అంబాళం మహా చెట్టు అవుతుంది, గోడకు పది అడుగుల్లో పెట్టే చెట్టు కాదు. కొమ్మ మెతక, గాలికి విరుగుతుంది. హుద్‌హుద్ నాడు 2014లో మన ఊళ్ళో చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్ళం, ఇంటికి దగ్గరగా ఎత్తయిన చెట్టు నేను ఎవరికీ చెప్పను. కుండీలో పెరిగే పొట్టి అంబాళం వేరే ఉంది. పచ్చడికి అదీ పనికొస్తుంది.

గాజువాక మేడతోట
మరి నా పీచ్‌ని ఏం చేయమంటారు? పారేయాలని లేదు.

అరకు కాఫీతోట
తమ్ముడూ, మాకు పంపు. గింజ మొక్క కాబట్టి పండు ఎలా ఉంటుందో చెప్పలేం గానీ, చలి తగిలాక పైన ఫ్లోర్డాప్రిన్స్ కొమ్మ తెచ్చి అంటు కడతాను, కింద నీ మొక్క వేరు ఉంటుంది. వర్షాకాలంలో తెచ్చుకుంటే బెంగ లేదు. ఒక్క మాట, మిగిలిన పీచ్ టెంకలు పగలగొట్టి లోపలి పప్పు పిల్లలకి పెట్టకండి. బాదంలా కనిపిస్తుంది గానీ చేదుగా ఉంటుంది, కడుపులోకి వెళ్ళాక సైనైడ్ తయారవుతుంది. ఆప్రికాట్ పప్పూ అంతే.

గాజువాక మేడతోట
తప్పకుండా పంపుతాను అన్నా. డ్రమ్ము ఖాళీ అయితే అందులో ఆమ్రపాలి వేస్తాను. మొక్క డ్రమ్ములో ఎలా నిలబెట్టాలి?

సీతమ్మధార మేడ
రెండు వందల లీటర్ల డ్రమ్మును సగానికి కోయించు, అడుగున చుట్టూ బొటనవేలంత బెజ్జాలు పెట్టించు. సగం ఎర్రమట్టి, మిగతాది పశువుల ఎరువు, కాస్త కోకోపీట్, గుప్పెడు వేపపిండి. డ్రమ్మును ఇటుకల మీద నిలబెడితే నీరు బయటికి పోతుంది, స్లాబు కూడా తడిసి పాడవదు. మొదటి రెండేళ్ళు వచ్చిన పూతను తుంచేయి. చేతులు రావు, నాకు తెలుసు. అయినా తుంచు, లేకపోతే కొమ్మ బలపడదు.

కొమ్మాది పెరడు
అయితే నా లెక్క ఇది. వెనకాల పడమర మూల సువర్ణరేఖ, గోడకు దూరంగా. దక్షిణం పక్క ఆమ్రపాలి, ఎండ బాగా తగిలే చోట యాపిల్ రేగు, వంటింటి కిటికీ ఎదురుగా బార్బడోస్ చెర్రీ. పిన్నిగారి పొట్టి అంబాళం కుండీలో. బోరు నీళ్ళ పరీక్షకు ఇచ్చి వచ్చాను. గుంతలు ఎంత లోతు తీయించాలి, మొక్కలు ఎప్పుడు పెట్టాలి?

సబ్బవరం అంటు
మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. రేగుకి, చెర్రీకి రెండడుగులు చాలు. గుంతలు ఇప్పుడే, ఎండల్లోనే తీయించి ఖాళీగా ఆరనివ్వండి. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క పోయించండి. నింపేటప్పుడు పైమట్టిలో పశువుల ఎరువు, వేపపిండి కలిపి అడుగున వేయాలి. జూలైలో రెండు మంచి వానలు పడి గుంత మట్టి దిగాక నాటండి. అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైనే ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగురు ఎంత ముద్దొచ్చినా గిల్లేయండి, అది అంటు కాదు, వేరు మొక్క. ఊతకర్ర పాతి మెత్తటి గుడ్డతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. నీళ్ళ పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, దాన్నిబట్టి మామిడి మూల మార్చాలో లేదో చెబుతాను.